నేను కోసిన నాలుగు వాక్యాలు

డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఇన్నేళ్ల ఉద్యోగంలో మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటి సార్ అని అడుగుతుంటారు. నవ్వుకోవడానికి పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. బతికున్న మనిషి ఫొటో కింద శ్రద్ధాంజలి అచ్చువేశాం ఒకసారి. ఆయన మర్నాడు స్వయంగా ఆఫీసుకు వచ్చి, ఫొటో బాగా పడింది, ఇంకో రెండు కాపీలు ఉంటే ఇవ్వండి అన్నాడు. ఇలాంటివి చెప్పి ఫోన్ పెట్టేస్తుంటాను. ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. అందులో అచ్చుతప్పు లేదు, పేరు మారలేదు, ఫొటో మారలేదు. ఆ వారం పేజీ చూసి మా ఎడిటర్ శుభ్రంగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా.

అప్పట్లో నేను సికింద్రాబాద్ ఆఫీసులో ఆదివారం అనుబంధం చూసేవాణ్ని. వంటలు, ఆరోగ్యం, పెరటి మొక్కలు, వాటి మధ్య బండ్ల మీద ఒక శీర్షిక. పాఠకులు తమ వాహనాల బాధలు ఉత్తరాల్లో రాస్తే ఒక మెకానిక్ జవాబు చెప్పేవారు. ఆయనకు మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్ల వైపు వెళ్లే దారిలో చిన్న దుకాణం. ఇంజిన్ల జోలికి పోయేవారు కాదు. బండ్లకు కరెంటు పని మాత్రమే. వైరింగు, బ్యాటరీ, లైట్లు, హారను. నలభై ఏళ్లుగా అదే. అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. నన్ను మాత్రం ఆయన ఎడిటర్ సాబ్ అనేవారు. నేను సబ్ ఎడిటర్‌నే అని రెండు మూడుసార్లు చెప్పి చూశాను. ఇయ్యాల కాకుంటే రేపైతరు, ముందుగాల్నే అలవాటు కానియ్యిండ్రి అన్నారు. రిటైరయ్యేదాకా కాలేదు. ఆయన పిలుపూ మారలేదు.

ప్రతి మంగళవారం పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో ఉత్తరాలు పట్టుకుని దుకాణానికి వెళ్లేవాణ్ని. ఆయన ఏదో ఒక బండి డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి పని చేస్తూనే ఉండేవారు. నేను ఉత్తరం చదివితే కింద నుంచి జవాబు వినిపించేది. వాడేసిన కాగితాల వెనక వైపు రాసుకుని, ఆఫీసుకు వచ్చి కంప్యూటర్‌లో ఎక్కించి, ఆ కాగితాలు చెత్తబుట్టలో వేసేవాణ్ని. ఉస్తాద్ చదువుకున్నది నాలుగో తరగతి దాకా, ఉర్దూలో. తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవలేరు. ఆదివారం నాష్తా అయ్యాక ఆయన కూతురు శీర్షిక పైకి చదివి వినిపించేది. విన్నాక నాకు ఫోన్ వచ్చేది. "సాబ్, నా మాటలకు మస్తు ఇస్త్రీ చేసిన్రు" అనేవారు. అది పొగడ్తో ఎత్తిపొడుపో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బండి తీసుకోవడానికి వచ్చిన మనిషికి ఏమేం మార్చారో, ఎంత అయిందో, అన్నీ చెప్పేవారు. అసలు జాగ్రత్త మాత్రం చెప్పేవారు కాదు. చివరికి తాళంచెవి ఆ మనిషి చేతిలో పెట్టి, తన వేళ్లు వదలకుండా, అప్పుడు చెప్పేవారు. ఫలానా స్విచ్చి వారం దాకా ముట్టుకోకు. బ్యాటరీ మూత మీద నీళ్లు పడనియ్యకు. అలా ఒకటే మాట. ముందే ఎందుకు చెప్పరని ఒకసారి అడిగాను.

"చాబీ చేతిల పెట్టేటప్పుడు చెప్పిందే యాదుంటది సాబ్. ముందుగాల చెప్పింది చాయ్ తోటి పోతది" అన్నారు.

మా వృత్తిలో దీనికి సరిగ్గా తలకిందులు. ముఖ్యమైనది మొదటి వాక్యంలో ఉండాలి, తర్వాత దానికంటే తక్కువది, చివరికి ఉన్నా లేకున్నా ఒకటే అనిపించేది. స్థలం చాలకపోతే పేజీ పెట్టేవాడు కళ్లు మూసుకుని కింద నుంచి కోసెయ్యాలి, వార్తకు ఏమీ కాకూడదు. నాకు పని నేర్పిన పెద్దాయన తోక కోస్తే చచ్చే వార్త రాయకురా అనేవారు. ఆ మాట పాతికేళ్లు పాటించాను, నా తర్వాత వచ్చినవాళ్లకు నేర్పాను. ఉస్తాద్ శీర్షిక దగ్గర మాత్రం సడలించాను. ఆయన మాట్లాడిన వరసలోనే రాస్తే మనిషి ఎదురుగా కూర్చుని చెప్పినట్టు ఉండేది. పాఠకులకూ అదే నచ్చింది.

ఒక మంగళవారం కాప్రా నుంచి వచ్చిన ఉత్తరం తీసుకెళ్లాను. గీతల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. రాసినాయనకు పాత వ్యాన్ ఉంది. పొద్దున బేగంపేటలో ఒక హోటల్‌కు పనివాళ్లను దించి, సాయంత్రం వాళ్లను వెనక్కి తెస్తాడు. పొద్దుగూకాక బండి ముందు లాంతరు పెట్టుకుని నడుపుతున్నట్టు ఉంటోందని, తప్పు తన కళ్లదో లైట్లదో తెలియడం లేదని రాశాడు. బజారులో కొత్తగా ఎల్ఈడీ బల్బులు వచ్చాయంటున్నారు, పాత వ్యాన్‌కు వేయించవచ్చా అని అడిగాడు.

ఉస్తాద్ డ్యాష్‌బోర్డు కింద నుంచి బయటికి వచ్చి మరీ జవాబు చెప్పారు. కళ్ల తప్పు కాదు, అద్దం తప్పు. ఇన్నేళ్ల ఎండకు హెడ్‌లైటు మూత పొగబారి ఉంటుంది, ముందు దాన్ని రుద్దించి మెరుగు పెట్టించుకోవాలి. పాత తీగల్లో సగం కరెంటు దారిలోనే పోతుంది, కాబట్టి బ్యాటరీ నుంచి కరెంటును నేరుగా లైట్లకు అందించే రిలే పెట్టించుకోవాలి. అవి రెండూ చేస్తే పాత బల్బే బాగా వెలగవచ్చు. అప్పటికీ చాలకపోతే ఎల్ఈడీ తెచ్చుకోవచ్చు. చౌకది వద్దు, వేడి తట్టుకునేది తేవాలి. ఇంతవరకు మామూలుగా చెప్పి, చేతులు గుడ్డతో తుడుచుకుని, నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

"ఆఖరికి ఇది రాయుండ్రి సాబ్. ఆ పాత లైటు గిన్నె పాత బల్బు కోసం చేసింది. అండ్ల ఎల్ఈడీ పెడితే వెలుగు అటిటు చిమ్ముతది, ఎదురొచ్చెటోని కండ్లల్ల పడతది. గోడ ముంగట బండి నిలబెట్టి చూడాలె, వెలుగు కిందికి దిగకుంటే బల్బులు తీసి పాతవే పెట్టుకోవాలె. మన తొవ్వ మనకు కనబడుడు ఒక్కటే కాదు, ఎదురొచ్చెటోనికి సుత వాని తొవ్వ కనబడాలె."

నాలుగు వాక్యాలు. ఆయన చెప్పిన వరసలోనే, చివరి పేరాగా రాశాను.

శుక్రవారం మధ్యాహ్నం పేజీలు కట్టే వేళకు ప్లాట్ల ప్రకటన ఒకటి వచ్చిపడింది. ఎక్కడో ఒకచోట చోటివ్వాలి. పేజీ పెట్టే అమ్మాయి, చాలా నెమ్మదైన పిల్ల, బండ్ల శీర్షికలో పదకొండు లైన్లు ఎక్కువున్నాయి సార్ అంది. కింద నుంచి తియ్యి అన్నాను. నేను అప్పుడు వంటల పేజీలో దోసకాయ పచ్చడికి హెడింగు వెతుక్కుంటున్నాను.

"చివరి పేరా మొత్తం పోతుంది సార్. ఏవో జాగ్రత్తలున్నాయి అందులో."

"జాగ్రత్తలు ఎవరు చదువుతారమ్మా. తీసెయ్."

తల కూడా ఎత్తలేదు. ఆ పేరా తానే రాసి, మూడు రోజుల్లో మరిచిపోయిన మనిషి ఎలా ఉంటాడని మీకు అనిపించవచ్చు. వారానికి ఎనిమిది పేజీలు పెట్టేవాళ్లను అడగండి. మేం రాసింది మేం గుర్తుపెట్టుకోం.

ఆ ఆదివారం ఉస్తాద్ దగ్గర నుంచి ఫోన్ రాలేదు. బంధువుల పెళ్లికి జహీరాబాద్ వెళ్లారని తర్వాత తెలిసింది. ఇంట్లో అందరూ వెళ్లారు కాబట్టి ఆ వారం శీర్షిక ఎవరూ చదివి వినిపించలేదు. ఆ మంగళవారం కొత్త ఉత్తరాలు తీసుకెళ్లాను, కొత్త జవాబులు రాసుకొచ్చాను.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం ఎవరో వచ్చారని కింద నుంచి కబురు వస్తే దిగి వెళ్లాను. యాభై దాటిన మనిషి, శుభ్రంగా ఉతికిన చొక్కా, మడతలు పడ్డ పేపరు ముక్క చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాప్రా నుంచి ఉత్తరం రాసింది తానేనన్నాడు. కోపంగా లేడు. కోపంగా వచ్చేవాళ్లను ఎలా కూర్చోబెట్టాలో నాకు తెలుసు. ఈయన్ను ఏం చేయాలో తెలియలేదు.

ఆయన చెప్పింది ఇది. పనివాళ్లను ఎక్కించుకుని బేగంపేట నుంచి ఇంటికి వస్తున్నాడు. పొద్దు అప్పుడే వాలింది. కాప్రా చెరువు దగ్గరి మలుపులో ఎదురుగా స్కూటర్ వచ్చింది. నడిపేవాడు ఒక్కసారి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కకు జరిగి, అంచున ఆపి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని గుద్దుకున్నాడు. వ్యాన్ అతన్ని తాకలేదు. ఈయనే దిగి, అతన్ని ఎత్తి వ్యాన్‌లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. హోటల్లో పనిచేసే ఆడవాళ్లు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. ఆ మనిషి దర్జీ. మూడో రోజు పోయాడు.

"పోలీసులు రాసుకున్రు, నీ బండి తాకలే, పో అన్నరు. కని ఆయన కండ్లకు చెయ్యి పెట్టుకున్నది నేను చూసిన సార్" అన్నాడు. పేపరు ముక్క నాకు ఇచ్చాడు. "నాలుగైదు సార్లు చదివిన. అద్దం రుద్దించిన, రిలే పెట్టించిన, మంచి బల్బులే తెచ్చిన. ఇందుల నేను చెయ్యనిది ఏమన్న మిగిలిందా, జెర చూసి చెప్పుండ్రి."

చదివాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి, దాని కింద ఏముండాలో గుర్తొచ్చింది. కాగితం మడిచి ఆయనకు తిరిగి ఇచ్చాను.

"ఇందులో ఉన్నదంతా మీరు చేశారు" అన్నాను.

అందులో అబద్ధం లేదు. పత్రికల్లో పనిచేసేవాళ్లం అలాంటి వాక్యాలు కట్టడంలో ఆరితేరినవాళ్లం. ఆయన తల ఊపి, ఈ జవాబు చెప్పిన మెకానిక్ ఎక్కడుంటారని అడిగాడు. చెప్పాను. దారి కూడా చెప్పాను. ఆయనతో వెళ్లి ఉండాల్సింది. పేజీలున్నాయని మెట్లెక్కి పైకి వచ్చేశాను.

ఆ సాయంత్రమే మా ఎడిటర్‌కు జరిగింది చెప్పి, వచ్చే ఆదివారం సవరణ వేద్దామన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. వేస్తే ఆ చావును మనమే నెత్తిన వేసుకున్నట్టవుతుంది, లాయర్‌ను అడిగి చెబుతాను అన్నారు. ఆయన అడిగారో లేదో తెలియదు. నేనూ మళ్లీ అడగలేదు. అడిగితే వేద్దామంటారేమోనని భయం వేసిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. పేజీ పెట్టే అమ్మాయికి సంగతి తెలిసింది.  అప్పటి నుంచి ఏ వార్త కోయాల్సి వచ్చినా లైన్లు లెక్కచెప్పి, ఏవి తీయాలో మీరే గుర్తుపెట్టండి సార్ అని ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టేది. మరుసటి ఏడాది పెళ్లయి నాగపూర్ వెళ్లిపోయింది.

మంగళవారం దుకాణానికి వెళితే ఉస్తాద్ చేతిలో పని లేకుండా కూర్చుని ఉన్నారు. అలా చూడటం అదే మొదటిసారి. వ్యాన్ ఆయన వచ్చి వెళ్లాడు. ఉస్తాద్ కూతుర్ని పిలిచి ఆ పేపరు ముక్క చదివించుకున్నారు. మళ్లీ చదవమన్నారు. మూడోసారి కూడా.

"చెప్పుడు మర్చిపోయిన సాబ్" అన్నారు. "నలభై ఏండ్లల్ల ఒక్కనాడు మర్వలే. గా మాటనే మర్చిన."

ఆ వ్యాన్ ఆయనకు తప్పు తనదేనని చెప్పి, బల్బులు తీసేసి పాతవి తానే పెట్టి పంపారట. నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు ఎవరో ఆటో తెచ్చి ఆపాడు, హారను పలకడం లేదని. ఉస్తాద్ లేచి వెళ్లారు. ఆ ఆటో వెళ్లేదాకా ఆగితే సరిపోయేది. ఆగలేదు. వచ్చే మంగళవారం చెబుదామనుకున్నాను. వచ్చే మంగళవారానికి శీర్షికే లేదు. ఇక తనతో కాదని ఆయన ఫోన్ చేసి చెప్పారు. ఆ చోటులో మేం ముగ్గుల పోటీ పెట్టాం.

పిల్లలూ, తప్పు చేసిన రోజున చెప్పడం కష్టం అనుకుంటారు మీరు. ఆ రోజే తేలిక. వారం దాటితే తప్పుతో పాటు ఆ వారం గురించి కూడా చెప్పుకోవాలి. నెల దాటితే నెల గురించి. నేను ఎనిమిది నెలలు పేర్చుకున్నాను. మెట్టుగూడ మీదుగా వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. ఆటో డ్రైవర్లు ఆ చుట్టుదారే బాగుందనేవారు, నిజంగానే అక్కడ ట్రాఫిక్ తక్కువ.

ఒక రోజు ఉస్తాద్ కూతురు ఫోన్ చేసింది. బళ్లో పాఠాలు చెప్పే అమ్మాయి, మాట స్పష్టంగా ఉంటుంది. ఆ రోజు తడబడింది.

"అబ్బా చేసిన పనే మల్ల విప్పుతున్నరు సార్. నిన్న ఒకాయన కారు మూడుసార్లు వాపస్ పిలిపించిన్రు. ఏదో మర్చిన, చూడాలె అంటరు, చూస్తే అన్నీ మంచిగనే ఉంటయి. ఆయన తిట్టి పోయిండు. దవాఖానకు తీస్కపోయినం. డాక్టరు మతిమరుపు ఏం లేదంటుండు. అబ్బా నమ్ముతలేరు. మీ మాటంటే వింటరు సార్. ఒక్కసారి వచ్చి ధైర్యం చెప్పుండ్రి."

ఆ అమ్మాయికి నా సంగతి తెలియదు. వస్తానన్నాను.

అప్పుడు అర్థమైంది, నేను కోసింది పేరా కాదని. ఆయనకు పెద్ద చదువు లేదు, లెక్కల పుస్తకం లేదు, ఏ బండిలో ఏ తీగ ఎటు పోతుందో అంతా తలలోనే. ఆ తల మీద నమ్మకమే ఆయన దుకాణం. అది పోతే మిగతావి సామాన్లు. ఇప్పుడు ఆ చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. దాని ముందు నుంచి వెళుతూ ఉంటాను, చుట్టు తిరగడం మానేశాను.

నేను వెళ్లిన రోజున దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల గోడకు వేలాడే తీగల చుట్టలన్నీ ఎప్పటిలాగే రంగుల వారీగా ఉన్నాయి. ఉస్తాద్ చిక్కిపోయారు. కూతురు ఇంట్లో నుంచి చాయ్ తెచ్చి నా ముందు పెట్టి, గుమ్మం దగ్గర నిలబడింది. దారి పొడవునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వచ్చాను. చివరికి మా వృత్తి నేర్పినట్టే ముఖ్యమైనది ముందు చెప్పాను.

"ఉస్తాద్, ఆ రోజు మీరు మర్చిపోలేదు. చెప్పారు. నేనే కోసేశాను."

ప్రకటన గురించి, పదకొండు లైన్ల గురించి, తల ఎత్తకుండా తీసెయ్యమన్న సంగతి, అన్నీ చెప్పాను.  నేను ముగించాక ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశారు. పిల్లవాణ్ని ఊరుకోబెట్టినట్టు.

"బిడ్డ ఫోన్ చేసిందా మీకు?"

చేసిందన్నాను.

"అందుకే వచ్చిన్రు. నా మనసు నిలపాలని చెప్తున్నరు. షుక్రియా సాబ్."

కాదు, నిజమేనన్నాను. పేజీ పెట్టిన అమ్మాయి నాగపూర్‌లో ఉంది, ఇప్పుడే ఫోన్ కలుపుతాను, ఆమెనే అడగండి అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు.

"ఎందరిని తక్లీఫ్ పెడతరు. మీరే చెప్పుండ్రి. గిది జరిగి ఎనిమిది నెలలాయె. నేను గిట్ల పరేషాన్ అయితుంటే, మీరసొంటి మనిషి తెలిసి సుత చెప్పకుంట ఉంటరా?"

 నేను అలాంటి మనిషినేనని చెప్పాలి. చెప్పాను కూడా, ఏదో గొణిగినట్టు. ఆయన వినలేదు. వినదలచుకోలేదు. ఆయన నా మీద పెట్టుకున్న గౌరవమే నా నిజానికి అడ్డం వచ్చింది. గుమ్మం దగ్గర కూతురు మాత్రం నన్నే చూస్తోంది. ఆమె నమ్మింది. వచ్చి, నేను ఇంకా ముట్టుకోని చాయ్ గ్లాసు నా ముందు నుంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఉస్తాద్ అది గమనించలేదు. నన్ను బాధపెట్టానేమోనని ఆయన బాధ. కాసేపటికి, నన్ను సంతోషపెట్టడానికే కావచ్చు, సరే సాబ్, నేను చెప్పిన్నంటున్నరు గద, ఏం చెప్పిన్నో వినిపించుండ్రి అన్నారు.

కాగితం లేదు. అవసరం కూడా లేదు. ఆ నాలుగు వాక్యాలు ఎనిమిది నెలలుగా నాకు కంఠతా వచ్చి ఉన్నాయి. ఆయన మాటల్లోనే, ఆయన యాసలోనే, ఇస్త్రీ చేయకుండా చెప్పాను. ఉస్తాద్ కళ్లు మూసుకుని విన్నారు. ఒక్కో వాక్యానికి తల ఊపారు.

"మంచిగున్నది సాబ్" అన్నారు. "గిట్లనే చెప్పాల్సుండె నేను."